అగ్గి నోట్లో ఉంటే

కామేష్ ఏ కాఫీ రుచి చూసినా మామిడిపండు వాసనే తగులుతోంది.

చింతపల్లిలో కాఫీ రైతుల సొసైటీలో కొత్తగా చేరాడు. గిన్నెల్లో పోసిన కాఫీని చెంచాతో జుర్రి, నోరంతా తిప్పి ఉమ్మేసి, ఏ తోట గింజ ఎలా ఉందో చెప్పాలి. అదీ ఉద్యోగం. నేర్పించే పెద్దాయన సర్వేశ్వరరావు గారు వారం తిరక్కుండానే కనిపెట్టేశారు.

"జేబులో ఉన్న ఆ పెన్ను నీ నాలుకను చంపేసిందయ్యా. కొత్త పంట వచ్చేలోగా మానెయ్. లేకపోతే నిన్ను ఉంచుకోలేం."

ఆ పెన్ను వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్టు. మామిడి ఫ్లేవరు. విశాఖలో సెక్యూరిటీ గార్డుగా చేసినప్పుడు నిద్ర ఆపుకోవడానికి మొదలెట్టాడు. ఇప్పుడది పీల్చకపోతే మంచం దిగలేడు. ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఆ గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీయే గతి.

మానాడు. మధ్యాహ్నానికి తల పగిలిపోయింది. సాయంత్రానికి మళ్లీ లాగాడు. ఇలా ఎన్నిసార్లో. చివరికి తన మీద తనకే విసుగు పుట్టి, మానడం కూడా మానేద్దామనుకున్నాడు.

గది అద్దెకిచ్చిన అచ్చియమ్మ కిటికీలోంచి ఆ పొగ చూసింది.

"ఏటిరా గుంటడా అది?"

"వేప్ పిన్నీ. మాననేక సత్తన్నాను."

"వేపపుల్లయితే పళ్లకైనా పనికొచ్చును," అంటూ అరుగు మీద కూలబడింది. "ఒక్కడివీ మాననేవురా. మా ఆయన సుట్ట ఒక్కడే మానబోయాడు. మానకుండానే పోయాడు. నానూ నీతో పాటు మానేత్తాను."

"నువ్వేటి మానతావు?"

"సుట్టే. అడ్డపొగ. నలభై ఏళ్లయి తాగుతన్నాను."

అడ్డపొగ అంటే చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ వయసు ఆడవాళ్లలో ఆ వైపు చాలామందికి అలవాటే. అయినా కామేష్‌కి అనుమానం వచ్చింది.

"నానెప్పుడూ సూడనేదే?"

"అగ్గి నోట్లో ఉంటే నీకేటి కనబడతాది?"

అదీ నిజమే అనుకున్నాడు.

మర్నాటి నుంచి ఇద్దరికీ నరకం. ఇతనికి తల పగిలే వేళకి అచ్చియమ్మ గిన్నెలు విసిరేది. అడ్డమొచ్చిన కోడినల్లా తిట్టేది. "పేణం లాగేత్తంది నాయనా, నీకో?" అని అడిగేది. "నాకూ అంతే పిన్నీ," అనేవాడు. చెరో ఎండు ఉసిరి ముక్క దవడన పెట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. పొయ్యి పొగకే ఆవిడ కళ్లనీళ్లొచ్చేలా దగ్గేది. పాపం, నలభై ఏళ్ల చుట్ట ఆ ఊపిరితిత్తుల్ని ఎంత తినేసిందోనని కామేష్ బాధపడేవాడు.

ముసురు పట్టిన ఒక ఆదివారం ఇక అతని వల్ల కాలేదు. బియ్యం డబ్బాలో దాచుకున్న రెండో పెన్ను తీశాడు. తలెత్తితే గుమ్మంలో అచ్చియమ్మ. ఒక చేతిలో చుట్ట, ఇంకో చేతిలో అగ్గిపెట్టె.

"కానీ. నువ్వు ముందు లాగు," అంది. "నీ ఎనకాల నాను ముట్టిత్తాను. ఇన్నాళ్లు పడ్డ కట్టం ఇద్దరం కలిసే తగలేద్దాం."

ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. కామేష్‌కి ఏడుపొచ్చింది. తను పాడైపోతే పోనీ. ఇంత ఓర్చుకున్న మనిషిని మళ్లీ ఆ రొంపిలోకి ఎలా తోస్తాడు? పెన్నును నీళ్ల బకెట్లో ముంచి, కాలి కింద వేసి విరగ్గొట్టాడు. ఆవిడ చుట్టను నలిపి వానలోకి విసిరేసింది.

కొత్త పంట వచ్చింది. సర్వేశ్వరరావు గారు వరసగా గిన్నెలు పెట్టారు. కామేష్ మూడో గిన్నె దగ్గర ఆగిపోయాడు.

"ఇవి సరిగ్గా ఆరకుండానే మూట కట్టేశారండి. బూజు తగులుతోంది."

"నాలుక బతికిందయ్యా," అన్నారాయన.

ఉద్యోగం నిలిచింది. కానీ అచ్చియమ్మ దగ్గు తగ్గలేదు. అదే సమయంలో ఊరి బడిలో నోటి పరీక్షల శిబిరం పెట్టారు. అడ్డపొగ తాగేవాళ్లకు అంగిలి తెల్లగా మందమెక్కి ఎర్రచుక్కలు లేస్తాయట. అవి ముదిరితే కాన్సరేనట.

"నాకేటీ నేదు, నాను రాను," అంది అచ్చియమ్మ. ఆవిడ వద్దన్నకొద్దీ ఇతనికి భయం పెరిగింది. ఏదో దాస్తోంది. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు.

వరసలో ముందున్న, అడ్డపొగ తాగే నూకరత్నం నోరు చూసి, డాక్టరు సత్యకుమారి నొసలు చిట్లించింది. వెంటనే విశాఖ పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాసిచ్చింది.

"బేగి ఇంటికెలిపోదాంరా," అని అచ్చియమ్మ లేవబోయింది. భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు.

డాక్టరు టార్చి వేసి అంగిలి చూసింది. మళ్లీ చూసింది.

"ఎన్నాళ్లు కాల్చిందన్నావు?"

"నలభై ఏళ్లు మేడం. నా కోసమే మానేసింది." చేతులు జోడించాడు. "ఏమున్నా దాచకుండా చెప్పండి."

అచ్చియమ్మ నేల చూపులు చూస్తోంది. డాక్టరు టార్చి ఆర్పింది.

"దాచడానికేముందయ్యా, పుట్టి బుద్ధెరిగాక ఈవిడ నోట్లో ఒక్క చుట్ట కూడా పడలేదు."