తడవని దారం

"దీనికి సముద్రపు నీళ్ళు తగిలాయో లేదో విప్పి చూస్తే తెలుస్తుందా అన్నయ్యా?"

ఆమె గేలపు రీలును బల్ల మీద పెట్టింది గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు. తెలుస్తుందమ్మా, అన్నాడు రీళ్ళు బాగుచేసే ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ. పొద్దుటి నుంచి చేసింది రెండే రీళ్ళు. అప్పుడే ఒళ్ళు చచ్చుబడిపోయినట్టుంది.

ఆమె తల వంచుకుని చెప్పుకొచ్చింది. రెండు నెలలుగా భర్త ప్రతి గురువారం తెల్లవారకముందే ఈ రీలు పట్టుకుని చేపల వేటకని బయల్దేరుతున్నాడు. పొద్దుగూకాక వస్తున్నాడు. ఇంతవరకూ ఒక్క చేపను తెచ్చిన పాపాన పోలేదు. వచ్చీ రాగానే గోడవైపు తిరిగి పడుకుంటాడు. చెయ్యి పట్టుకోబోతే విదిలించేస్తాడు.

"పద్దెనిమిదేళ్ళ కాపురం. ఇంకెవరో ఉన్నారని తేలితే ఈ సాయంత్రమే పిల్లను తీసుకుని మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. బట్టలు కూడా సర్దేశాను."

ఆయన స్క్రూలు విప్పసాగాడు. వేళ్ళకు పట్టు దొరక్క ఒక స్క్రూ రెండుసార్లు జారి కింద పడింది. ఆమే వంగి వెతికి ఇచ్చింది. మూత తీసి చూశాడు. రెండు నెలల కిందట తాను పూసిన గ్రీజు తేనెరంగులో అలాగే ఉంది. బేరింగు మీద ఉప్పు మరక లేదు. దారం తాను చుట్టిచ్చినట్టే ఉంది. మూరెడైనా విప్పిన జాడ లేదు.

ఆమె ఆయన ముఖంలోకే చూస్తోంది.

"ఉప్పు బాగా పట్టిందమ్మా. తెగ వాడాడు. వచ్చాక మంచినీళ్ళతో కడగమని చెప్పు."

అన్నాక ఇక పని చెయ్యక తప్పలేదు. శుభ్రంగా ఉన్న గ్రీజునే కిరోసిన్ గుడ్డతో తుడిచాడు. పళ్ళచక్రాలకు కొత్తది పల్చగా రాసి, బేరింగుల్లో చుక్కచుక్క నూనె వేశాడు. దారమంతా విప్పి, తడిగుడ్డ మధ్య నుంచి లాగుతూ మళ్ళీ బిగువుగా చుట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, లేనిపోని అనుమానం పెట్టుకున్నందుకు తనను తానే తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆయన ఆమె భర్తకు ఫోన్ చేశాడు.

"ఇంకోసారి నావల్ల కాదు. నువ్వే చెప్పుకో."

అమ్మాయి పరీక్షలు అయ్యేదాకా ఓపిక పట్టమని అవతలి మనిషి బతిమాలాడు. నీకేం, దాచడానికి ఇంట్లో ఎవరూ లేరు, అని కూడా అన్నాడు. ఈయనకు కోపం రావలసింది. కోపానికైనా ఓపిక ఉండాలిగా.

"ఈ గురువారం వస్తావు కదా?" అన్నాడు అవతలి మనిషి, గొంతు తగ్గించి.

"రాక ఎక్కడికి పోతాను?"

క్యాన్సర్ వార్డులో ఇద్దరివీ పక్కపక్క మంచాలు.