ఇరవై ఆరో ఓటు

డాటీ కాఫీ హోటల్లోకి ఆర్లో లిండెల్ అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. గొర్రెలూ గాలీ తప్ప మరేమీ లేని ఆ రాష్ట్రంలో ఒక మనిషిని చూసి జనం లేవడం అదే మొదలు.

లేవక ఏం చేస్తారు? అధ్యక్ష ఎన్నికల్లో హోల్‌బ్రుక్‌కూ డేవెన్‌పోర్ట్‌కూ చెరి రెండు వందల అరవై తొమ్మిది ఎలక్టోరల్ ఓట్లు వచ్చి కూర్చున్నాయి. ఇక తేల్చాల్సింది ప్రతినిధుల సభ. అక్కడ తలకో ఓటు కాదు, రాష్ట్రానికో ఓటు. కాలిఫోర్నియా సభ్యులు యాభై రెండు మందీ కొట్టుకు చచ్చి, చివరికి వేసేది ఒక్క ఓటు. ఈ రాష్ట్రానికి ఉన్న సభ్యుడు ఆర్లో ఒక్కడే. అతనిదీ ఒక్క ఓటే.

గెలవాలంటే ఇరవై ఆరు రాష్ట్రాలు కావాలి. హోల్‌బ్రుక్‌కు ఇరవై అయిదు ఖాయమయ్యాయి. ఆర్లో అతని పార్టీవాడే, కానీ ఇంకా నోరు విప్పలేదు. మొన్నటిదాకా ట్రాక్టరు విడిభాగాలు అమ్ముకున్న మనిషికి పెద్దపెద్ద సెనేటర్లు ఫోన్లు చేసి పిల్లల చదువుల గురించి అడుగుతున్నారు. అతను జేబులో చెయ్యి పెట్టుకుని, ఆ ఫోన్లను కాసేపు మోగనిచ్చి మరీ ఎత్తుతున్నాడు. ఆ సుఖమే వేరు.

మూల బల్ల దగ్గర వెల్మా క్రో మాత్రం లేవలేదు. ఊళ్లో పశువుల డాక్టరు. డేవెన్‌పోర్ట్ పార్టీ తరఫున అదే సీటుకు ఆర్లో మీద నిలబడింది ఆవిడే.

ఆపిల్ పళ్లతో చేసిన తీపి రొట్టె ముక్క ఆర్లో ముందు పెడుతూ డాటీ అంది:

"ఏంటబ్బాయ్, అంత బుర్ర బద్దలు కొట్టుకుంటున్నావు? ఇద్దరికీ సమానంగానే వచ్చాయి కదా. ఒక నాణెం ఎగరేసి తేల్చేయరాదూ."

హోటలంతా చప్పున చల్లబడింది. ఫోర్కులు ఆగాయి. బస్సు డ్రైవరు కాఫీ కప్పులో తల దూర్చేశాడు. డాటీ నాలిక కరుచుకుంది.

వెల్మా ఒక్కతే నవ్వింది.

ఆర్లో చెవులు కందిపోయాయి. "ఇది దేశం డాటీ, జాతరలో లాటరీ కాదు. జనం ఆలోచించి, మనసు పెట్టి నన్ను పంపించారు. వాళ్ల తీర్పే నా ఓటు."

"ఎంత బాగా చెప్పారండీ మెంబరుగారూ," అంది వెల్మా. "ఆ ముక్క టీవీలో కూడా చెప్పండి. పని మానుకుని చూస్తాను."

"వెక్కిరింపులు చాలు వెల్మా. నా చోట నువ్వుంటే ఎవరికి వేసేదానివో ఊరంతా ఎరుగుదురు."

"ఎరుగుదురు. అందుకే కదా నవ్వొస్తోంది."

ఆర్లో ఆ తీపి రొట్టె ముట్టకుండానే లేచిపోయాడు.

వాషింగ్టన్‌లో సభ కిటకిటలాడింది. అతని రాష్ట్రం పేరు పిలిచేసరికి దేశమంతా ఊపిరి బిగబట్టింది. ఆర్లో హోల్‌బ్రుక్ పేరు రాసి వేశాడు. ఇరవై ఆరు. ఓడినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, గెలిచినవాళ్లు అతన్ని భుజాలకెత్తుకున్నారు. టీవీవాళ్లు మైకులు పెడితే అదే మాట చెప్పాడు.

"దేశ భవిష్యత్తును మేం అదృష్టానికి వదిలెయ్యలేదు. ఇది జనం తీర్పు."

నిజంగానే నమ్మాడు ఆ మాటను.

జనం పలచబడ్డాక ఓ స్తంభం చాటుకు వెళ్లాడు. అటూ ఇటూ చూసి, జేబులోంచి తన పేరు రాసి ఉన్న పింగ్‌పాంగ్ బంతిని తీసి ముద్దు పెట్టుకున్నాడు.

నవంబరులో అతనికీ వెల్మాకీ ఒక్క ఓటు తేడా లేకుండా సమానంగా వచ్చినప్పుడు, సీటు ఎవరిదో తేల్చడానికి ఇద్దరి పేర్లూ రాసిన బంతులు గవర్నరు తన టోపీలో వేసి కుదిపి, కళ్లు మూసుకుని పైకి తీసిన బంతి అది.