మైకు ముట్టుకునే మనిషి

"అక్కా, వాడు మళ్ళీ వచ్చాడు."

పిడుగు గొంతు పీలగా ఉంది.

అందరూ ఆమెను పిడుగు అనే పిలుస్తారు. స్టేజీ ఎక్కితే గిటారు మోతెక్కించి, గంతులేసి, కుర్రకారు చేత ఈలలు వేయించే పంక్ పాటల పిల్ల. పాటలు తనే రాసుకుంటుంది. స్టేజీ దిగితే మాత్రం అక్క చెయ్యి వదలదు.

అక్క తెర పక్కనుంచి తొంగి చూసింది.

స్టేజీ మీద నెరిసిన గడ్డం మనిషి ఒకడు. ఒక చేతి వెనకవైపును మైకుకు ఆనించాడు. రెండో చేతిని గిటారు తీగలకు ఆనించాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా దిగిపోయాడు.

"పోయిన ఊళ్ళోనూ ఇంతే. నేను నోరు పెట్టి పాడే మైకు అది. నాకు వణుకొస్తోందక్కా."

"ఎవరో పిచ్చి అభిమాని అయ్యుంటాడులే," అన్నాడు డ్రమ్ములు వాయించే అన్నయ్య. "నా డ్రమ్ముల్ని ఒక్కడూ ముట్టుకోడు. అదీ నా బతుకు."

"అభిమాని అయితే పాట వింటాడు. వీడు మెయిన్ స్విచ్చు పక్కన నిలబడి నా కాళ్ళకేసే చూస్తుంటాడన్నయ్యా."

అన్నయ్య నవ్వు ఆగిపోయింది.

పిడుగు ఎప్పుడూ వట్టి కాళ్ళతోనే పాడుతుంది. ఆమె గిటారు పెట్టె మీద ఒక పాత ఫొటో అంటించి ఉంటుంది. చెప్పుల్లేకుండా గాల్లోకి ఎగిరిన ఒక గాయని ఫొటో. ఆ గొంతు విని విని, పిడుగు చిన్నప్పుడు ఇంటి వెనక షెడ్డు తలుపులు బిడాయించుకుని పాడటం నేర్చుకుంది. ఆ గాయని ఏదో కచేరీలో పాడుతూ పాడుతూనే కుప్పకూలిందట. గుండె ఆగిందన్నారు. ఇప్పటికీ పిడుగు మొదటి పాట ఆమెదే.

తర్వాతి కచేరీ ఒక పాత హాల్లో. పొద్దుటినుంచీ వాన.

ఆ సాయంత్రం పాటల కంపెనీ పెద్దమనిషి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే పిడుగు పాటలు మొదటిసారి ఆల్బంగా వస్తాయి.

"ఇవాళ వాడు రాకూడదు దేవుడా," అనుకుంది పిడుగు.

వచ్చాడు. చేతిలో ఒక సంచి కూడా ఉంది.

"అమ్మా, ఇది నీకే," అంటూ దగ్గరికి వచ్చాడు.

పిడుగు కెవ్వుమంది.

కాపలావాడు పరుగున వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. "ఏయ్ పెద్దాయనా! ఎవరు నువ్వు?"

"పోతాను బాబూ. ఒక్కసారి ముట్టుకోనిస్తే పోతాను."

"ముట్టుకుంటావా? నీ వయసేంటి, నీ వేషాలేంటి?"

సంచితో సహా బయటికి గెంటేశారు. పిడుగు ఊపిరి పీల్చుకుంది.

హాలు నిండింది. ముందు వరసలో కంపెనీ పెద్దమనిషి కూర్చున్నాడు. పిడుగు స్టేజీ ఎక్కింది. కాళ్ళ కింద చల్లగా, తడిగా తగిలింది. పట్టించుకోలేదు.

తీగల మీద చెయ్యి వేసి, మైకు దగ్గరికి వంగింది.

చెయ్యి బిగుసుకుపోయింది.

తీగలు వదలడం లేదు. అరవబోయింది. నోరు పెగల్లేదు. ఒళ్ళంతా కొట్టుకుంటోంది. జనం అదీ ఆటలో భాగమే అనుకుని ఈలలు వేశారు.

అంతలో హాలంతా చీకటి.

పిడుగు దబ్బున కింద పడింది.

"ఎవడ్రా కరెంటు తీసింది?"

"వాడే! ఆ గడ్డపోడే! పక్క తలుపులోంచి దూరాడు!"

టార్చి వెలుగులో నలుగురు కలిసి అతన్ని ఈడ్చుకెళ్తున్నారు. దగ్గరున్నవాడల్లా ఒక దెబ్బ వేస్తున్నాడు.

"నా చెల్లెలి నోటికాడి కూడు తీశావు కదయ్యా!" అంది అక్క.

"పాప లేచిందా?" అని మాత్రం అడిగాడతను.

"లేచింది. నువ్వు పో!"

ఆ మాటకు అతని ముఖం తేటపడింది. తనంతట తనే వానలోకి నడిచాడు.

హాలు ఎలక్ట్రీషియన్ వచ్చి స్టేజీ అంతా వెతికాడు. పైకప్పు కారి గిటారు వైరు తగిలించే ఆంప్లిఫయర్‌లోకి నీళ్ళు దిగాయి. ఎర్తు వైరు ఊడి వేలాడుతోంది.

"స్విచ్చు కట్టేసిన చెయ్యి ఎవరిదోగానీ దణ్ణం పెట్టాలి," అన్నాడు. "ఇంకొక్క క్షణం ఆగితే ఈ పాప దక్కేది కాదు."

"ఆ గడ్డం మనిషి... ప్రతి కచేరీకీ ముందు మైకును చేతి వెనకవైపుతో తాకేవాడు," అంది పిడుగు.

"కరెంటు వస్తోందేమో అలాగే చూస్తారమ్మా. అరచేత్తో పట్టుకుంటే వదలదు మరి."

పిడుగు గుమ్మంలోకి పరుగెత్తింది. వీధి చివర ఆయన ఎక్కిన బస్సు మలుపు తిరుగుతోంది. పిలిచింది. వాన హోరులో పిలుపు కలిసిపోయింది.

మెట్ల మీద సంచి తడుస్తోంది. తీసి చూసింది. మందపాటి రబ్బరు అడుగున్న బూట్లు. కొత్తవి. కాలు పెట్టింది. సరిగ్గా సరిపోయాయి.

"గడ్డం మనిషన్నావు, ఆయనేనా?" వెనకాలే వచ్చిన ఎలక్ట్రీషియన్ గొంతు మారింది. "ఈ హాలు గడప ఇక తొక్కడనుకున్నాను."

"ఆయన మీకు తెలుసా?"

అతను గుమ్మం దగ్గరున్న గిటారు పెట్టె కేసి, దాని మీది ఫొటో కేసి చూశాడు.

"ఈ పిల్ల పడిపోయింది మన స్టేజీ మీదే తల్లీ. ఆ రోజు మెయిన్ స్విచ్చు ఎక్కడుందో తెలియక హాలంతా పిచ్చివాడిలా పరుగెత్తిన వాళ్ళ నాన్న ఆయనే."