పలకాల్సిన పెట్టె

అన్యాయం ఎవరికి జరిగింది? కృపామణి టీచరుకు. ఎలా జరిగింది? బడిలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు మీద తన విద్యార్థిని డెబోరా పని నేర్చుకున్నదని ఆమె చెబితే బడి కమిటీ నమ్మలేదు. "పని మీరు చేసి, ఆడగుంట చేసిందంటన్నారు" అని అబద్ధాలకోరు ముద్ర వేసి, ఉద్యోగంలోంచి తీసేసింది.

ఆ డెబోరా ఇప్పుడు విశాఖపట్నంలో కంప్యూటరు కంపెనీ ఉద్యోగి. బడి ఉన్న చోడవరం వచ్చి, "నాకు పరీక్ష పెట్టి చూడండి" అని పట్టుబట్టింది. కమిటీ ప్రెసిడెంటు పరదేశి ఒక్కటే షరతు పెట్టాడు: టీచరు వరండా దాటకూడదు, నోరు విప్పకూడదు.

కృపామణి వరండా బెంచీ మీద నిటారుగా కూర్చుంది. లోపల డెబోరా, తెర మీది మాటలు పైకి చదివేందుకు విదేశీ కంపెనీ తయారుచేసిన పలికే పెట్టెను కంప్యూటరుకు తగిలిస్తోంది. దాన్ని పలికించే డ్రైవరు ప్రోగ్రామును బడి కంప్యూటరులోని లినక్సు వ్యవస్థకు అనువుగా మలిచి, ఫ్లాపీ డిస్కుల్లోకి ఎక్కించి తెచ్చుకుంది. ఆ పని సాగినన్నాళ్ళూ తెర మీద పడ్డ ప్రతి తప్పునూ కృపామణే పక్కన కూర్చుని పైకి చదివింది. ఈవేళ ఆ ఆసరా లేదు.

"ఆ పెట్టే పాటం సెప్పేస్తే మాకింక టీచర్లెందుకమ్మా?" పరదేశి నవ్వాడు.

"టీచర్లని తీసెయ్యడం మీకు అలవాటే కదండీ."

ఫ్లాపీ గరగరమని ఆగింది. పెట్టె పలకలేదు.

"ఏటి, మూగబోయిందా? టీచరమ్మ పక్కన లేకపోతే ఇంతేనని నాకు తెల్సు!"

కృపామణి సగం లేచింది. ఒక్క మాట అందించినా పరదేశి వేసిన నింద నిజమైపోతుంది. మళ్ళీ బెంచీ మీద కూర్చుంది.

"నాదే తప్పండి," లోపలినుంచి డెబోరా గొంతు. "డ్రైవరుని విశాఖలో నా మిషను కెర్నెల్‌కి కట్టేను. పెట్టె పలకలేదంటే బడి మిషనులో కెర్నెల్ వేరే అయ్యుంటాది."

"కెర్నెలేటి?"

"మిషన్ని నడిపించేది. ఒకరి కొలతకి కుట్టిన జాకెట్టు ఇంకొకరికి పడతాదా? నా కెర్నెల్‌లోనే డ్రైవరుని కలిపేసిన ఫ్లాపీ ఉంది. దాంతో లేపుతాను."

మిషను ఆరి, మళ్ళీ లేచింది. అంతలో ముక్కుతో మాట్లాడుతున్నట్టు ఒక గొంతు గబగబా ఇంగ్లీషు మాటలు చదవసాగింది.

"నా పేరు రాయి సూద్దాం," అన్నాడు పరదేశి.

మీటలు టకటకలాడాయి. పెట్టె ఒక్కో అక్షరమే పలికి, పేరంతా చెప్పింది.

పరదేశి వరండాలోకి వచ్చి చేతులు జోడించాడు. "తప్పు మాదేనండి. సోమవారం నించి బడికి రండి."

కృపామణి లోపలికి నడిచి డెబోరా భుజం మీద చెయ్యి వేసింది. "నాకూ నీకూ బాకీ తీరిపోయిందే."

డెబోరాకు పుట్టుకతోనే చూపు లేదు.