కోటు కింద చొక్కా

వెద్రాన్ కొత్త వానకోటు చూడ్డానికి వేటగాళ్ల బసలో అందరూ లేచి వచ్చారు.

నాచురంగు కోటు. రియెకా పట్నంలో మూడు దుకాణాలు తిరిగి ఏరుకున్నాడు. నైలానైతే కొమ్మ తగిలితే చాలు, బరబరమంటుంది. ఉన్ని మెత్తగానే ఉంటుంది గానీ, నీళ్లు పీల్చాక మొయ్యలేం. రబ్బరైతే సొంత చెమటకే తడిసి చస్తాం. ఇది చప్పుడు చెయ్యదు, చుక్క దిగనివ్వదు, చెట్ల మధ్య నిలబడితే మనిషన్నవాడే కనిపించడు. దుకాణంవాడు చెప్పిందంతా వెద్రాన్ పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

వేటసంఘం పెద్ద స్రెచ్కో గుడ్డని వేళ్లతో నలిపి చూశాడు. ఈ కొండల వానకి ఇదేరా మొగుడు అన్నాడు.

బయట నవంబరు వాన. మూడు రోజులుగా తెరిపి లేదు.

మూల బల్ల దగ్గర చిక్కుడుగింజల చారు తాగుతున్న ముసలాయన ఒక్కడే లేవలేదు. పేరు యాకొవ్. పక్క లోయవాడు. ఆ పొద్దున్నే వచ్చి, అనుమతి కాగితం చూపించి, ఈ ఒక్కరోజు మీతో మాటు వేస్తానని అడిగాడు.

"నారింజ చొక్కా ఏదీ బాబూ?" అన్నాడు.

కోటు లోపల వేసుకున్నానన్నాడు వెద్రాన్.

"లోపలుంటే తోటి వేటగాళ్లకి ఎలా కనిపిస్తుంది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన పట్టించుకోలేదు. కోటుకున్న తలటోపీ కూడా పెట్టుకోవద్దన్నాడు. అది పెట్టుకుంటే వానచప్పుడు తప్ప ఏదీ వినపడదని, వేట అయిపోయిందని బూర ఊదినా తెలీదని చెప్పాడు.

"తడిస్తే ఆరతావు బాబూ. కాస్త వణుకుతావు, అంతే."

అని తన వంటిమీదున్న రబ్బరు తొడుగు తలమీంచి తీసి చాపాడు. పాతది. మోకాళ్లదాకా వస్తుంది. మండిపోయే నారింజరంగు.

"కోటుమీద ఇది వేసుకో."

స్రెచ్కోకి హుషారొచ్చింది. "వేసుకోరా. గుమ్మడికాయ నడిచొస్తోందని పందులు నవ్వి నవ్వి చస్తాయి. మనకి తూటాలు మిగుల్తాయి."

వెద్రాన్ అందరినీ నవ్వించడానికే తొడుక్కున్నాడు. బల్లల చుట్టూ రెండుసార్లు దొర్లుతున్నట్టు నడిచాడు కూడా.

కొండెక్కడం మొదలుపెట్టాక కొత్త కోటు మోచేతుల దగ్గర కుట్లలోంచి కారింది. తొడుగు కింద ఉన్న చోట మాత్రం పొడిగానే ఉంది. ఇక దాన్ని తియ్యలేదు.

ముసలాయన గోధుమరంగు ఉన్నికోటులో తడిసి ముద్దయి వెనకాల వస్తున్నాడు. ఇంకో నారింజ చొక్కా ఉందా అని స్రెచ్కోని అడిగాడు. కార్లో సంచెడున్నాయి, నీకోసం ఈ వానలో మళ్లీ కిందికెవడు దిగుతాడు అన్నాడు స్రెచ్కో.

ముసలాయన వెద్రాన్ వైపు తిరిగాడు.

"పోనీ నీ లోపలి చొక్కా ఇవ్వు బాబూ. నీకిప్పుడు దాంతో పనిలేదు కదా."

నిజమే, పనిలేదు. కానీ ఇవ్వాలంటే తొడుగు తియ్యాలి, కోటు జిప్పు లాగాలి, గుండెలమీదికి వాన దిగుతుంది.

"గంటసేపే కదా తాతా. కదలకుండా కూర్చో, చాలు."

ముసలాయన మళ్లీ అడగలేదు.

స్రెచ్కో ఆయన్ని పందులు ఎప్పుడూ రాని వాగు ఒడ్డుకి తోలాడు. సలహాలు వాగుకి చెప్పుకుంటాడులే అన్నాడు.

వెద్రాన్ మాటు ఆ వాగుకి సరిగ్గా పైన. తలటోపీ మీద వాన డప్పు కొట్టినట్టు కొడుతోంది. కుక్కల అరుపులు ఎక్కడో దూరంగా వినపడి ఆగిపోయాయి. చాలాసేపటికి కింద తుప్పల్లో గోధుమరంగు వీపొకటి కదిలింది. వంగి, మెల్లగా పైకొస్తోంది.

కాల్చాడు. ఒక్క తూటాకే పడింది. గురి చూసుకుని అతనికే ముచ్చటేసింది.

నలుగురినీ కేకేద్దామని తలటోపీ వెనక్కి తోశాడు. అప్పుడు వినపడింది బూర. వేట అయిపోయిందని స్రెచ్కో అప్పటికి ఎంతసేపటినుంచి ఊదుతున్నాడో.

స్రెచ్కో వచ్చి తుప్పల్లోకి వంగి చూశాడు. టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. ఇంకా బూర ఊదనే లేదని, ముసలాయనే మాటు వదిలి వచ్చాడని చెప్పాలన్నాడు. తొమ్మిదిమందిమీ ఒకే మాట మీదుంటే కొత్త మొహం గురించి ఎవడడుగుతాడు అన్నాడు. వెద్రాన్ తలూపాడు.

కొండమీద సిగ్నల్ అందక, పోలీసులకి ఫోను చెయ్యడానికి ఇద్దరు కిందికి కారుదాకా పరుగెత్తారు. వెళ్లి రావడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

మర్నాడు పొద్దున స్టేషన్లో అధికారి వెద్రాన్ చెప్పిందంతా రాసుకున్నాడు. ఒక్కటే అర్థం కావడంలేదన్నాడు. ముసలాయన తుపాకీలో తూటా లేదు. జేబుల్లోనూ లేదు. వేటకొచ్చినవాడు తూటా లేకుండా ఎందుకొచ్చినట్టు?

వెద్రాన్‌కీ తెలీదు.

వరండాలో బల్లమీద కూర్చుని ఉంటే, నల్ల రుమాలు కట్టుకున్న ముసలామె వచ్చి పక్కన కూర్చుంది. యాకొవ్ భార్య. సంతకం పెట్టడానికి పిలిపించారు.

"కాల్చింది నువ్వేనా బాబూ?"

అతను కళ్లెత్తలేదు. నేర్చుకున్న మాటే చెప్పాడు.

"ఆయనే మాటు వదిలి వచ్చారమ్మా."

ఆమె ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. వాన పట్టిందంటే చాలు, ఎక్కడ వేట ఉందో కనుక్కుని ఒట్టి తుపాకీతో బయల్దేరేవాడని మాత్రం చెప్పింది. వద్దంటే వినేవాడు కాదంది.

తర్వాత అతని మొహంలోకి చూసి అంది: "పధ్నాలుగేళ్ల కిందట ఇలాంటి వానలోనే మా అబ్బాయిని పంది అనుకుని కాల్చేసి, మా ఆయన కూడా ఇక్కడే కూర్చుని అచ్చం ఈ మాటే చెప్పాడు బాబూ."