ఎదురుకాళ్ల పిల్ల

“గోడ పట్టుకో బిడ్డా, పైలం,” అంది వాకిట్లో బోర్లా పడుకున్న కొమురమ్మ.

మానసకు ఎనిమిదో నెల. గోడ పట్టుకుని, కుడికాలు మెల్లగా ఆమె నడుం మీద ఆనించింది.

మానస తల కాక కాళ్లు ముందొచ్చి పుట్టిన పిల్ల. అలాంటివాళ్ల కాలు తగిలితే నడుంపట్టు వదులుతుందని అటువైపు నమ్మకం. అందుకే కోరుట్లలో మానస ఇల్లు తెలియని నడుంనొప్పి లేదు.

ఎవరైనా రెండు మూడు ఆదివారాలు వచ్చి మానేస్తారు. మేడిపల్లి నుంచి బస్సెక్కి వచ్చే ఈ కొమురమ్మ నడుం మాత్రం ఏడాదిగా మొండికేసింది.

“ఇంక తగ్గలేదా పెద్దమ్మా?”

“తగ్గుతది తియ్యి. స్కానింగుల ఏం చెప్పిండ్రు?”

“లోపల ఎదురుకాళ్లతోనే ఉన్నదట. అచ్చం నా లెక్కనే.”

కొమురమ్మ గబుక్కున లేచి కూర్చుంది.

“కాన్పు ఎక్కడ?”

గడపలో బీడీలు చుడుతున్న మానస తల్లి సుజాత జవాబిచ్చింది.

“గీ గల్లీల దవాఖాన్లనే. డాక్టరమ్మ మంచిది.”

“ఒక్కతేనా?”

“ఒక్కతయితేంది?”

“వద్దు చెల్లె. నలుగురు డాక్టర్లున్న కాడికి తోల్కపో. నొప్పులొచ్చేదాక ఆగకు. ఆపరేషన్ చెయ్యమను.”

సుజాతకు ఒళ్లు మండింది. మానసను కోత లేకుండా కన్నానన్నది ఆమె నలుగురిలో చెప్పుకునే గొప్ప. దాన్నే ఎవరో వచ్చి తీసిపారేస్తే ఊరుకుంటుందా?

“నేను కనలేదా? ఎదురుకాళ్ల కాన్పు సంగతి నీకేం ఎరుక?”



“నాకేం ఎరుక తియ్యి. పిల్ల పైలం,” అంటూ కొమురమ్మ వంగి మానస పాదాన్ని అరచేత్తో నిమిరింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

సుజాత బీడీల చేట పక్కకు నెట్టి లేచింది. కడుపుతో ఉన్న పిల్ల. ఎవరి కన్ను ఎలాంటిదో ఎవరికి తెలుసు?

“ఇగ రాకు అక్కా. నీ నడుం మాతోని కాదు.”

కొమురమ్మ సంచి తీసుకుని వెళ్లిపోయింది.

మానస మాత్రం ఆమె మాట వదల్లేదు. తల్లితో పోట్లాడి జగిత్యాల పెద్దదవాఖానలో చేరింది. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పేగు మెడకు చుట్టుకుని ఉందని, నొప్పులొచ్చేదాకా ఆగి ఉంటే కష్టమయ్యేదని చెప్పారు. తల్లీ పిల్లా క్షేమం.

మనవరాలిని ఎత్తుకున్నప్పుడల్లా సుజాతకు సిగ్గేసింది. తొట్టెల పండుగకు కొమురమ్మను తానే పిలవాలని చీర పట్టుకుని మేడిపల్లి వెళ్లింది.

ఇంటి ముందు కొమురమ్మ భర్త దావీదు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

“నేను కోరుట్ల మానస వాళ్ల అమ్మను అన్నా. అక్క లేదా?”

దావీదు పక్కనున్న పీట ఆమె వైపు జరిపాడు.

“పోయింది చెల్లె. జరమొచ్చింది, దక్కలే.”

సుజాత చీరను ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుంది.

“అయ్యో! నడుంనొప్పితోని ఎంత తిప్పలపడ్డదో…”

“నడుంనొప్పా? మొన్నటిదాక పొద్దంత వంగి నాట్లేసింది. ఆమెకు గా నొప్పి ఎన్నడు లేదు.”

“మరి మా ఇంటికి ఎందుకు వచ్చేది?”

“మీ పిల్లను చూస్తే పానం నిమ్మలమైతదనేది.”

“మా పిల్లనా?”

“నువ్వు కన్న దినం పక్క మంచం మీద మా ఆమెనే ఉండె. ఇద్దరికి ఎదురుకాళ్లే. డాక్టరమ్మ ఒక్కతే. నీ కాన్పు చేసి డాక్టరమ్మ మా దిక్కు వచ్చేసరికి మా బిడ్డ పోయింది.”

సుజాతకు ఆ కాన్పు గది గుర్తొచ్చింది.

“నాకు ఇంట్ల ఒగ కొడుకున్నడు, గా పిల్లకు తొలిసూరు, ముందుగాల ఆమెను చూడుండ్రి” అని ఆ రోజు తెర అవతల నుంచి వినిపించిన గొంతు ఎవరిదో ఆమెకు ఇప్పుడు తెలిసింది.