బోను లోపల, బోను బయట

రోబో మళ్ళీ నీళ్ళలోకి దిగింది. పడవలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న పద్మలత కళ్ళు మండుతున్నాయి. పొద్దుటి నుంచీ ఇదే పని.

సముద్రం అడుగున తిరగడానికి చేసిన యంత్రం అది. విశాఖ నుంచి బతిమాలి తెచ్చుకుంది. రేపు తిరిగి పంపెయ్యాలి.

ఆమె పరీక్ష నిజానికి చాలా మామూలుది. ఏటూరునాగారం దారిలోని ఈ చెరువు అడుగున నిరుడు అక్కడక్కడా ఇనుప జాలి బోనులు దించింది. వాటి పక్కనే కొంత జాగా ఖాళీగా వదిలి, గుర్తుకు ఎర్ర డబ్బాలు తేలగట్టింది. బోనుల్లోకి వలలు పోవు. బయట మాత్రం అడుగును గీరుకుంటూ పోతాయి. ఏడాది తిరిగేసరికి లోపల నత్తలూ నాచూ బతికి, బయట బోసిపోయి ఉంటే చాలు. వలలు అడుగును పాడుచేస్తున్నాయని తేలినట్టే. పీహెచ్‌డీ చేతికొచ్చినట్టే.

తెర మీద బోను లోపల నత్తలు కనిపించాయి. బయటా కనిపించాయి, అంతే దండిగా.

ఏ పాపం చేసుకుందో ఏమో, ఏ బోను దగ్గర చూసినా ఇదే వరస. కెమెరా అద్దం తుడిచింది. లైటు మార్చింది. అయినా లోపలా నాచే, బయటా నాచే.

గైడు రమాకాంత్ గారికి ఫోన్ చేసింది. తేడా లేకపోతే థీసిస్ లేదని, యూనివర్సిటీ ఇక గడువు పెంచదని ఆయన మెత్తగానే చెప్పాడు. ఆమెకు ఏడుపు కూడా రాలేదు. వయసంతా ఈ బురదకే ధారపోశాననిపించింది.

తెడ్డు వేస్తున్న యాకయ్య కూడా డస్సిపోయి ఉన్నాడు. చెరువు మీద చేపలు పట్టేవాళ్ళ సంఘానికి ఆయనే పెద్ద. ఈ ఏడు చేపలు సరిగ్గా పడలేదని, ఆవలి గట్టు దాకా పోయి రావడంతో రెక్కలు పడిపోతున్నాయని వచ్చేటప్పుడు చెప్పుకున్నాడు. అయినా ఆమె పిలిస్తే ఏనాడూ కాదనలేదు.

“ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?”

“పరీక్ష ఫెయిలైంది కాకా. అంతా ఆగమైంది.”

యాకయ్య తెడ్డు ఆపేశాడు. అట్లా ఎట్లా అవుతుందని పాపం ఆమె కంటే ఎక్కువ నొచ్చుకున్నాడు.

“ఎప్పటిలెక్కనే వలలేసుకోండ్రని నువ్వు మొగమాటానికన్నవ్ గని బిడ్డా, నీ పరీక్ష ఖరాబు కావద్దని ఏడాది సంది నీ ఎర్ర డబ్బాల దిక్కు మేమెవ్వలం ఒక్క వల గూడ ఏయలే.”